దాణా పెట్టే చేయి – కళ్ళెం పట్టే చేయి

1

తెలుగులో గుర్రాన్ని గురించి ఎన్నో సామెతలు వున్నాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడమని పాఠకమిత్రులను కోరుతున్నాను. "రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళమీద నడుస్తుంది" అన్నది ఒకటి. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అన్నది మరొకటి. రెండూ ఒకే జంతువును గురించి చెప్పినవే. అయితే చెప్పినవాళ్ళు మాత్రం ఒకరు కారు. మొదటిది జీనుమీద కూర్చున్నవాడి మాట. వాడి బెంగంతా అదుపును గురించే. రెండవది ఉలవలు ఉడకబెట్టి, గడ్డి కోసుకువచ్చి, లద్దె ఎత్తి, గిట్టలు కడిగి, ఆ ఖర్చు లెక్కపెట్టుకున్నవాడి మాట. పైన కూర్చున్నవాడికి గుర్రం నడక కావాలి. కింద నిలబడ్డవాడికి గుర్రం ఆకలి తెలుసు. ఒక జాతి నోట ఇలా రెండు గొంతులు వినిపిస్తున్నాయంటే, ఆ జాతి రెండు వర్గాలుగా చీలివున్నదని అర్థం.

ఈ మాటలే నేను తరగతిలో చెప్పినప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు లేచి నిలబడ్డాడు. అతని తండ్రి హైదరాబాదులో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే మనిషి. "మా నాన్న ఇరవై ఏళ్ళనుంచి గుర్రం పక్కనే నడుస్తున్నాడు సార్. నేను పదో ఏటినుంచి దాణా పెడుతున్నాను. ఊరేగింపు అయిపోయాక, తెల్లవారుజామున జీను విప్పేసి ఇంటికి తోలుకొచ్చేటప్పుడు, దారిలో ఎవరూ లేకపోతే వట్టివీపుమీద ఎక్కుతాను. జీనుమీద ఎప్పుడూ ఎక్కలేదు. ఆ మొదటి సామెత మాది కాదు సార్" అన్నాడు. కాస్సేపు ఆగి మళ్ళీ అడిగాడు: "పేదోళ్ళ పిల్లలకి గుర్రపుస్వారీ నేర్పినవాళ్ళు ఎక్కడైనా వున్నారా సార్?"

ఆ రోజు నావద్ద సమాధానం లేదు. తరువాత కొన్ని నెలలపాటు చదివినమీదట, వున్నారని తెలిసింది. అమెరికాలో ఫిలడెల్ఫియా, కాంప్టన్ నగరాలలోనూ, లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లోనూ పేదపేటల పిల్లలకు స్వారీ నేర్పే సంస్థలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. వాటిని గురించి పత్రికలలో వచ్చే వ్రాతలన్నింటిదీ దాదాపు ఒకటే ధోరణి. పేదపిల్లవాడు గుర్రాన్ని ఎన్నడూ ఎరగడట. దయగల పెద్దలెవరో అతన్ని దాని దగ్గరకు తీసుకువెళ్ళారట. దానితో అతడు బాగుపడ్డాడట. చరిత్ర చెప్పేది ఇది కాదు. పేదవాడు గుర్రాన్ని ఎరగని రోజు లేదు. అతనికి దక్కనిది గుర్రం కాదు, జీను. కొన్నిచోట్ల జీను కూడా అతనికి దక్కింది. దక్కినదాన్ని లాక్కున్నారు. కనుక ఈ కార్యక్రమాలను దానమని పిలవాలా, లాక్కున్నదాన్ని తిరిగి యివ్వడమని పిలవాలా అన్నదే నేను పరిశీలించదలచిన విషయం.

2

ముందుగా మన యింటిలోనే దీపం పెట్టుకుని చూద్దాం. "రౌతు" అన్న మాట "రాజపుత్ర" శబ్దంనుంచి ప్రాకృతం మీదుగా వచ్చిందని భాషావేత్తల అభిప్రాయం. అంటే గుర్రమెక్కినవాణ్ణి పిలిచే మాటలోనే రాజు బిడ్డ దాగివున్నాడు. కాకతీయుల కాలంలో అశ్వదళాన్ని నడిపే అధికారికి "సాహిణి" అన్న బిరుదు వుండేది. గణపతిదేవుని కొలువులో గంగయ సాహిణి వంటివారు మహామండలేశ్వరుల స్థాయికి ఎదిగారు. ఎక్కేవాడికి ఇలా బిరుదులు, శాసనాలు మిగిలాయి. దాణా పెట్టేవాడికి మాత్రం "గుర్రపువాడు" అన్న పేరే మిగిలింది. తరువాతి కాలంలో అరబ్బీనుంచి ఉర్దూ మీదుగా "సాయిసు" అన్న మాట వచ్చింది గాని, దానివల్ల అతని బ్రతుకు మారలేదు.

ఇందుకు ఆర్థికమైన కారణం లేకపోలేదు. దక్షిణాపథం మేలుజాతి గుర్రాలకు అనువైన నేల కాదు. అరేబియానుంచి, పారశీకంనుంచి ఓడలమీద గుర్రాలు దిగుమతి కావలసివచ్చేది. విజయనగర ప్రభువులు పోర్చుగీసువారితో స్నేహం చేయడానికి గోవా రేవులో దిగే గుర్రాలే ముఖ్యకారణం. అంత ఖరీదు పెట్టి కొన్న జంతువు ఆనాటి యుద్ధయంత్రం. దాన్ని చేతిలో పెట్టుకున్నవాడే రాజ్యాన్ని చేతిలో పెట్టుకున్నాడు. అందుచేత గుర్రమెక్కడం ఒక ప్రయాణసాధనంగా కాక అధికారచిహ్నంగా స్థిరపడింది.

యుద్ధాలలో గుర్రం పని తీరిపోయి నూరేళ్ళు కావస్తున్నది. చిహ్నం మాత్రం చావలేదు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత వరుడు తన పెళ్ళి ఊరేగింపు పైకులాలవారి వీధిమీదుగా వెళ్ళడానికి నెలల తరబడి అధికారుల చుట్టూ, న్యాయస్థానం చుట్టూ తిరగవలసివచ్చింది. చివరకు ఆ జూలైలో పెద్దసంఖ్యలో పోలీసులు కాపలా కాస్తుండగా ఊరేగింపు సాగింది. గుర్రమెక్కిన దళిత వరుణ్ణి దింపివేశారన్న వార్తలు రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్ రాష్ట్రాలనుంచి ఈనాటికీ వస్తూనే వున్నాయి. నాలుగడుగుల ఎత్తుకోసం ఇంత రక్తపాతమా అని ఆశ్చర్యపోనక్కరలేదు. కిందివాడు తన ఎత్తుకు రావడమే పైవాడు సహించలేని విషయం.

ఇది మన దేశపు వింత అనుకుంటే పొరపాటు. సముద్రాల కావల ఈ కథే మరొక రూపంలో జరిగింది. అక్కడ కులం స్థానంలో వర్ణం వున్నది.

3

అమెరికా దక్షిణరాష్ట్రాలలో తోటల యజమానులకు పందెపుగుర్రాలంటే ప్రాణం. ఆ గుర్రాలను పుట్టినప్పటినుంచి పెంచినవారు, జబ్బుచేస్తే రాత్రంతా మేలుకున్నవారు, మచ్చిక చేసినవారు, చివరకు పందెంలో ఎక్కి పరిగెత్తించినవారు నల్లజాతి బానిసలు. యజమాని దృష్టిలో కిందనున్న గుర్రమూ పైనున్న మనిషీ ఇద్దరూ తన ఆస్తే. అక్కడ జీను గౌరవం కాదు, పనిముట్టు. అయితే పనిముట్టును పట్టిన చేతికి నేర్పు వస్తుంది. ఆ నేర్పును యజమాని తన దస్తావేజులో రాసుకోలేడు.

అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన పదేళ్ళకు, 1875లో కెంటకీ డెర్బీ పందెం మొదటిసారి జరిగింది. ఆ రోజు బరిలో నిలిచిన 15 మంది జాకీలలో 13 మంది నల్లజాతివారు. గెలిచిన గుర్రం పేరు అరిస్టైడిస్. దానిమీద వున్నవాడు ఆలివర్ లూయిస్, దాన్ని తయారుచేసినవాడు ఏన్సెల్ విలియమ్‌సన్. ఇద్దరూ నల్లజాతివారే. విలియమ్‌సన్ బానిసగా పుట్టినవాడు. మొదటి 28 డెర్బీలలో 15 నల్లజాతి జాకీలు గెలిచారు. ఐజక్ మర్ఫీ అన్న జాకీ 1884, 1890, 1891 సంవత్సరాలలో మూడుసార్లు గెలిచాడు.

ఇదే కాలంలో టెక్సస్ మైదానాలలో పశువుల మందలను తోలే కౌబాయ్‌లలో నాలుగింట ఒకవంతు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. 1866లో అమెరికా ప్రభుత్వం నల్లజాతి సైనికులతో 9వ, 10వ అశ్వదళాలను ఏర్పరచింది. ఈ దళాలను గురించి గర్వపడేవారు, వాటిని ఆదివాసీ జాతుల అణచివేతకు ప్రయోగించారన్న సంగతి మరవకూడదు. తనకు అవసరమైనప్పుడు పాలకవర్గం పీడితుణ్ణి కూడా జీనుమీద ఎక్కిస్తుంది. ఎక్కించి, మరొక పీడితునిమీదకు తోలుతుంది.

పందేలలో డబ్బు పెరిగినకొద్దీ నల్లజాతి జాకీలకు కష్టకాలం వచ్చింది. ఒక పందెంతో మనిషి జీవితం స్థిరపడేంత బహుమానాలు వచ్చేసరికి, ఆ డబ్బు నల్లచేతులలో పడడం తెల్లవారికి కంటగింపయింది. 1896లో ప్లెసీ కేసు తీర్పుతో అమెరికా సుప్రీంకోర్టు వర్ణవిచక్షణకు చట్టబద్ధత కల్పించింది. మైదానాలలో తెల్ల జాకీలు జట్టుకట్టి నల్లజాతి జాకీల గుర్రాలను కంచెకేసి నొక్కేవారు, కొరడాలతో కొట్టేవారు. దెబ్బతిన్న జాకీని పెట్టుకోవడం నష్టమని యజమానులు వారిని మానుకున్నారు. చట్టం తలుపు మూసింది, గూండాతనం గడియ వేసింది, మార్కెట్టు తాళం పెట్టింది.

1901, 1902 సంవత్సరాలలో వరుసగా డెర్బీ గెలిచిన జిమ్మీ వింక్‌ఫీల్డ్ తరువాత నేటివరకు మరొక నల్లజాతి జాకీ ఆ పందెం గెలవలేదు. వింక్‌ఫీల్డ్ పొట్టకూటికోసం రష్యాకు వలసపోయాడు. అక్కడ గొప్ప జాకీగా వెలిగి, 1919లో అంతర్యుద్ధపు రోజుల్లో ఒడెస్సానుంచి రెండువందలకు పైగా గుర్రాలను తోలుకుని మరికొందరితో కలిసి పోలండ్ చేరుకున్నాడు. తరువాత ఫ్రాన్సులో స్థిరపడ్డాడు. 1961లో డెర్బీ విందుకు అతిథిగా పిలుపువచ్చి లూయివిల్ నగరానికి వెళితే, అక్కడి హోటల్ ముందుతలుపువద్ద ఆయనను ఆపివేశారు. రెండుసార్లు ఆ నగరపు పందెం గెలిచినవాడికి ఆ నగరంలో దొరికిన గౌరవం ఇది. 1921 తరువాత 2000 సంవత్సరం వచ్చేదాకా డెర్బీ బరిలో ఒక్క నల్లజాతి జాకీ కూడా కనిపించలేదు.

సుమారు ఎనభై ఏళ్ళు! మూడు తరాల పిల్లలు గుర్రమెక్కిన తమ తాతల బొమ్మ ఒక్కటీ చూడకుండా పెరిగారు. సినిమాలలో కౌబాయ్‌లందరూ తెల్లవారే. ఉత్పత్తిలోనుంచి ఒకసారి, చిత్రంలోనుంచి మరొకసారి – వారిని రెండుసార్లు తొలగించారు. "నగరపు పేదపిల్లవాడు గుర్రాన్ని ఎరగడు" అన్న మాట ఎక్కడ పుట్టిందో ఇప్పుడు మనకు తెలుస్తున్నది.

4

అయినా తెగిపోని పోగు ఒకటి నగరాలలో మిగిలింది. ఇరవయ్యవ శతాబ్దంలో లక్షలాది నల్లజాతి కుటుంబాలు దక్షిణపు పల్లెలు విడిచి ఉత్తర, పశ్చిమ నగరాలకు వలసవచ్చాయి. వారితోపాటు గుర్రాన్ని సాకే విద్య కూడా వచ్చింది. ఫిలడెల్ఫియాలో వారు కూరగాయలు, సరుకులు బండ్లమీద తోలి బ్రతికారు. మన బెజవాడలోనో, గుంటూరులోనో జట్కాలు తోలిన సాయెబులు పేటల మధ్య సందులలోనే గుర్రాలను కట్టివేసుకున్నట్లు, వారు కూడా ఇటుక యిళ్ళ వెనుక లాయాలు వేసుకున్నారు. మోటారుబండ్లు వచ్చి జట్కాలు పోయినట్లే అక్కడా గుర్రపుబండ్లు పోయాయి. కాని ఉత్తర ఫిలడెల్ఫియాలోని ఫ్లెచర్ వీధివంటి చోట్ల లాయాలు మాత్రం పోలేదు. బండి పోయినా మనుషులు గుర్రాన్ని వదలలేదు. పెన్సిల్వేనియాలోని న్యూ హాలండ్ సంతలో పందేలకు పనికిరావని అమ్మివేసిన గుర్రాలు చవకగా దొరికేవి. కొనేవాడు లేకపోతే అవి కబేళాకు పోయేవే. వాటిని తెచ్చి సాకుతూ పేటలోని పెద్దలు పిల్లలకు స్వారీ నేర్పుతూ వచ్చారు. 2004లో ఎల్లిస్ ఫెరెల్ అన్నాయన ఈ సంప్రదాయానికి ఫ్లెచర్ స్ట్రీట్ అర్బన్ రైడింగ్ క్లబ్ అన్న సంస్థారూపం కల్పించాడు. 2020లో వచ్చిన "కాంక్రీట్ కౌబాయ్" అన్న చలనచిత్రానికి ఈ వీధే ఆధారం.

ఇక కాంప్టన్ కథ. లాస్ ఏంజిలస్‌ను ఆనుకుని వున్న ఈ పట్టణం 1888లో ఏర్పడింది. గ్రిఫిత్ డికెన్సన్ కాంప్టన్ అన్న భూస్వామి తన భూమిని పట్టణానికి ఇస్తూ, అందులో కొంతభాగం వ్యవసాయానికే వుంచాలని షరతు పెట్టాడు. రిచ్‌లాండ్ ఫార్మ్స్ అన్న పేట ఈనాటికీ యింటి వెనుక గుర్రాన్ని కట్టుకోగలిగిన పేటగా మిగలడానికి ఆ షరతే కారణం. అయితే ఆ భూస్వామి మనసులో నల్లజాతివారు లేరు. చాలాకాలం కాంప్టన్‌లో నల్లజాతివారికి యిళ్ళు అమ్మరాదన్న ఒడంబడికలు అమలులో వుండేవి. అటువంటి ఒడంబడికలను న్యాయస్థానాలు అమలుచేయరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తరువాతనే నల్లజాతి కుటుంబాలు అక్కడ విరివిగా అడుగుపెట్టగలిగాయి. తీరా వారు స్థిరపడేనాటికి తెల్లవారు, వారి వెంట వ్యాపారాలు, ఆ తరువాత కర్మాగారాలు ఒకటొకటిగా వెళ్ళిపోయాయి. 1980లనాటికి మిగిలింది నిరుద్యోగం, మాదకద్రవ్యాలు, ముఠాల తుపాకులు.

ఆ రోజుల్లోనే, 1988లో, మయీషా అక్బర్ అన్న మహిళ తన పెరటిలోని గుర్రాల చుట్టూ పేటలోని పిల్లలను చేరదీసి కాంప్టన్ జూనియర్ పాసీ అన్న సంస్థను ప్రారంభించింది. బడి వదిలాక పిల్లలు వచ్చి లాయం ఊడవాలి, మేత వేయాలి, గుర్రాన్ని రుద్ది శుభ్రం చేయాలి, బడిలో మార్కులు నిలుపుకోవాలి. అప్పుడు స్వారీ. ఈ పిల్లలలో కొందరు పెద్దవారై కాంప్టన్ కౌబాయ్స్ అన్న పేరుతో ఆ పనిని కొనసాగిస్తున్నారు.

ఈ రెండు ఉదాహరణలలో నన్ను ఆకర్షించిన విషయం ఒకటి వున్నది. ఇక్కడ బయటివారు వచ్చి పేదలకు గుర్రాన్ని పరిచయం చేయలేదు. పేదల చేతిలో మిగిలివున్న విద్యను పేదలే తమ పిల్లలకు అందించారు.

5

ఫిలడెల్ఫియాలోనే మరొక రకపు ప్రయోగం జరిగింది. 1994లో లెస్లీ హైనర్ అన్న శ్వేతజాతి మహిళ ఫెయిర్‌మౌంట్ పార్కులోని లాయంలో "వర్క్ టు రైడ్" అన్న సంస్థను స్థాపించింది. ఆ లాయం నగరపాలకసంస్థ ఆస్తి. సంస్థ పేరే దాని పద్ధతి: పనిచేయి, ఎక్కు. డబ్బు కట్టనక్కరలేదు. పేదపేటలనుంచి వచ్చిన పిల్లలు లాయం పని చేసి, దానికి బదులుగా స్వారీ నేర్చుకుంటారు. కొందరు పోలో కూడా నేర్చుకున్నారు. 2011లో ఈ పిల్లల జట్టు అమెరికా జాతీయ అంతర్‌పాఠశాల పోలో పోటీలలో విజేతగా నిలిచింది. అందరూ నల్లజాతివారే అయిన జట్టు ఆ బహుమతి గెలవడం అదే మొదటిసారి.

పోలో ధనికుల ఆట అని లోకం అనుకుంటుంది. దాని పుట్టిల్లు మన మణిపూర్. సగోల్ కాంగ్‌జై అన్న పేరుతో అక్కడి ప్రజలు పొట్టిగుర్రాలమీద ఆడుకున్న ఆటను పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలంలో బ్రిటిష్ సైనికాధికారులు, తేయాకు తోటల దొరలు నేర్చుకుని, తమదిగా చేసుకుని, లోకానికి చాటారు. ప్రజల చేతినుంచి పోయిన ఆటను నూటయాభై ఏళ్ళ తరువాత మరొక ఖండంలో మరొక పీడితజాతి పిల్లలు అందుకున్నారు.

లండన్‌లోని బ్రిక్స్‌టన్ 1981 తిరుగుబాటుతో పేరుకెక్కిన పేట. అక్కడ 1996లో ఎబొనీ హార్స్ క్లబ్ ఏర్పడింది. 2011లో దానికి పేట మధ్యనే సొంత లాయం వచ్చింది. ఆ క్లబ్బులో స్వారీ నేర్చుకున్న పెకమ్ యువతి ఖదీజా మెల్లా, 2019 ఆగస్టు 1న గుడ్‌వుడ్ మైదానంలో మాగ్నోలియా కప్ పందెం గెలిచింది. అప్పుడామెకు 18 ఏళ్ళు. బ్రిటన్‌లో హిజాబ్ ధరించి పందెంలో పాల్గొన్న మొదటి జాకీ ఆమె. గుడ్‌వుడ్ ఒక డ్యూక్‌గారి ఎస్టేటు. ఆ పందెం సంపన్నులు ధర్మకార్యాల విరాళాలకోసం ఏటా జరిపించే పందెం. పేదపేట పిల్ల గెలుపు కూడా ధనికుల పచ్చికమీదనే జరగవలసివచ్చిందన్నది ఇందులోని చేదు. గెలిచింది ఆమే గాని పచ్చిక చేతులు మారలేదు.

ఇక్కడ మిత్రులు రెండు ఆక్షేపణలు చెబుతారు. తిండికి, బడికి, మందుకు గతిలేని పిల్లలకు గుర్రపుస్వారీ ఏమిటి, ఇది విలాసం కాదా అన్నది మొదటిది. ఈ ఆక్షేపణ నాకు కొత్త కాదు. గ్రంథాలయోద్యమం రోజుల్లో కూలివాడికి పుస్తకమెందుకని అడిగినవారు వున్నారు. రొట్టె ముందా, గులాబీ ముందా అని పేదవాణ్ణి మాత్రమే అడుగుతారు. ధనికుణ్ణి ఎవరూ అడగరు. పైగా గుర్రం పేదవాడికి విలాసం కాదని ఇంతవరకు చెప్పిన చరిత్రే సాక్ష్యం. విలాసంగా మార్చినవాడు వేరు.

రెండవ ఆక్షేపణ బరువైనది. ఏ సంస్థ అయినా పదులలోనో వందలలోనో పిల్లలను చేరదీస్తుంది. వేలమంది బయటే వుంటారు. గెలిచిన ఒక్కరి బొమ్మను పత్రికలు అచ్చువేసి, "చూశారా, పట్టుదల వుంటే పేదరికం అడ్డు కాదు" అని పాఠం చెబుతాయి. దానితో పేదరికానికి కారణమైన వ్యవస్థమీదకు పోవలసిన చూపు ఆ పిల్లవాడి పట్టుదలమీదకు మళ్ళుతుంది. ఇది నిజం. నేను దీన్ని కాదనలేను. దాతల విరాళంమీద నిలబడిన సంస్థకు దాత మనసే పునాది. దాత మనసు మారితే లాయం మూతపడుతుంది. "గుర్రమెక్కితే నేరాలు మానతారు" అని చెప్పుకుంటేనే విరాళాలు రాలుతాయి. ధనికుని బిడ్డ స్వారీ నేర్చుకుంటే అది ఆట. పేదవాని బిడ్డ నేర్చుకుంటే మాత్రం నేరనివారణ! ఎక్కిన పిల్లవాడు గాలి తగిలి నవ్వితే చాలదు. అతడు బాగుపడ్డట్టు లెక్క చూపించాలి. ఈ లెక్క అడగడంలోనే పాత అవమానం మిగిలివున్నది.

అయినా ఈ ప్రయోగాలలో దానానికి లొంగని విలువ ఒకటి వున్నదని నా నమ్మకం. వేల సంవత్సరాలుగా విడిపోయిన రెండు చేతులు – దాణా పెట్టే చేయి, కళ్ళెం పట్టే చేయి – ఇక్కడ ఒకే శరీరానికి చేరాయి. పొద్దున లద్దె ఎత్తిన పిల్లే సాయంత్రం జీనుమీద వున్నది. ఆ జీను ఆమె కష్టార్జితం, ఎవరి భిక్షా కాదు. ఎత్తినవాళ్ళకే ఎక్కే హక్కు అన్న సూత్రాన్ని ఒక లాయం పరిధిలోనైనా అమలుచేసి చూపడం చిన్నవిషయం కాదు. ధనికుల స్వారీబడులలో పిల్లవాడు వచ్చేసరికి గుర్రం జీనుతో సిద్ధంగా వుంటుంది. దిగగానే కళ్ళెం మరొకరు అందుకుంటారు. ఆ మరొకరు ఎవరన్నది అతడు ఎన్నడూ ఆలోచించనక్కరలేదు.

6

మిగిలిన ప్రశ్న భూమిది. ఫ్లెచర్ వీధి పిల్లలు గుర్రాలను తిప్పే ఖాళీస్థలాన్ని నగరపాలకులు గృహనిర్మాణానికి కేటాయించారు. పేదలకు యిళ్ళు వద్దని ఎవరనగలరు? కాని యింటికీ మైదానానికీ పోటీపెట్టి, రెంటిలో ఒకదాన్ని ఎంచుకోమని పేదవాడినే అడగడం పాలకులకు అలవాటైన పని. ధనికుల గోల్ఫు మైదానంలో యిళ్ళు కడదామని అడిగినవాడు కనిపించడు. కాంప్టన్‌లో గుర్రాలు మిగిలాయంటే 1888నాటి భూమి షరతు కారణం. వర్క్ టు రైడ్ నిలిచిందంటే ప్రజల ఉద్యానవనం కారణం. ఫ్లెచర్ వీధి ఊగిసలాడుతున్నదంటే కాలికింద నేల తనది కాకపోవడమే కారణం. గుర్రం ప్రేమతో బ్రతకదు, నేలతో బ్రతుకుతుంది.

2020 మే 25న మినియాపోలిస్‌లో జార్జి ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలితో నొక్కి చంపిన తరువాత దేశమంతటా ఊరేగింపులు జరిగాయి. జూన్‌లో కాంప్టన్ వీధులలో నల్లజాతి యువతీయువకులు గుర్రాలెక్కి ప్రజలతో కలిసి నడిచారు. జనం గుమిగూడినచోట గుర్రంమీద కనిపించేవాడు ఎప్పుడూ పోలీసే. లాఠీ పైనుంచి దిగుతుంది, కిందివాడు చెదిరిపోతాడు. ఆ రోజు మాత్రం గుర్రంమీదున్నవాడు జనంలోని మనిషి. ఆ దృశ్యంలోని శక్తి ఎక్కడిదో అర్థంచేసుకోవాలంటే 1875 డెర్బీనుంచి 1961 హోటల్ తలుపుదాకా జరిగిన కథ తెలిసివుండాలి.

మళ్ళీ మా తరగతికి వస్తాను. ఈ చరిత్రను నేను రెండు పాఠాలుగా చెప్పాను. ఆ విద్యార్థి శ్రద్ధగా విన్నాడు. ఒక ఆదివారం నగరశివారులోని ఒక స్వారీబడికి వెళ్ళి రుసుము ఎంతో అడిగి వచ్చాడు. అది వాళ్ళ నాన్నకు నెలలో వచ్చే రాబడిలో సగానికి పైనట. అయితే అక్కడి మనిషి, "గుర్రాల పని తెలిసినవాడివైతే లాయంలో ఉద్యోగం యిస్తాను" అన్నాడట. ఈ సంగతి చెప్పి అతడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కళ్ళెం అడిగినవాడికి చీపురు దొరికింది.

మన నగరాలలో గుర్రాలు లేవా? మలక్‌పేటలో 1886నుంచి పందేల మైదానం వున్నది. నగర పోలీసులకు అశ్వదళం వున్నది. ఎన్.సి.సి.లో రిమౌంట్, పశువైద్య విభాగం వున్నది. అందులో చేరిన విద్యార్థులు ప్రజల సొమ్ముతో స్వారీ నేర్చుకుంటున్నారు. అంటే ప్రభుత్వం తలచుకుంటే నేర్పగలదని ఋజువైనట్లే. ఆ అవకాశం ఏ కొద్ది కళాశాలలకో పరిమితం కావడమే లోపం. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు, మురికివాడల పిల్లలకు, మొట్టమొదట తరతరాలుగా లాయాలలో పనిచేసినవారి పిల్లలకు ఆ తలుపు తెరవమని అడగడంలో తప్పేమున్నది? ఇందుకు ఏ దాత దయా అక్కరలేదు. ప్రజల గుర్రాలు, ప్రజల నేల, ప్రజల పిల్లలు. మధ్యలో అడ్డున్నది అలవాటు ఒక్కటే.

ఇది విప్లవం కాదని నాకు తెలుసు. స్వారీ నేర్చుకున్నంతమాత్రాన ఎవరి కూలీ పెరగదు, ఎవరి కులం పోదు. కాని గుర్రమెక్కినందుకు మనిషిని దింపే దేశంలో, వందమంది పేదపిల్లలు పట్టపగలు, నలుగురి ఎదుట, జీనుమీద కూర్చుని వీధిలో నడిస్తే, చూసేవాళ్ళ మనసులో ఒక పాత చిత్రం చెరిగిపోతుంది. చిత్రాలు చెరపడం, కొత్తవి గీయడం రచయితల పని గనుకనే ఈ విషయాన్ని మన పత్రికలో చర్చకు పెడుతున్నాను.

ఆ విద్యార్థి ఈ యేడు సామెతలమీద వ్యాసం రాస్తున్నాడు. గుర్రం సామెతలన్నీ తండ్రినడిగి సేకరిస్తున్నాడు. వాటిలో ఏది పైనుంచి చెప్పినదో, ఏది కిందినుంచి చెప్పినదో విడదీసి రాయమన్నాను. "రెండూ ఒకడే చెప్పిన సామెత వుంటుందా సార్?" అని అడిగాడు. ఇంతవరకు నాకు కనిపించలేదు. మిత్రులకు తెలిస్తే రాయండి.